టాపు దించడమే అసలు పని
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఎవరి వృత్తిలో వాళ్లకు తెలిసిన సంగతి ఒకటి, అందరికీ పనికొచ్చేది, ఇరవై నిమిషాల్లో చెప్పమని కార్యవర్గం వాళ్లు అడిగారు. డాక్టరు మిత్రులు గుండె గురించి చెప్పారు. వ్యవసాయ శాఖలో చేసినవారు భూసారం గురించి చెప్పారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది చెక్క, ఇనుము, రేకు, గుడ్డ. అందుకని బండి టాపు గురించి మాట్లాడతాను. మామూలు టాపు కాదు. బండి ఆగినప్పుడు పైకి లేచి, కదిలేముందు కిందికి పడుకునే టాపు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, మా బ్యాచ్ వాళ్లం కొందరం మనవలతో కలిసి అరకు మొదలుకొని కేరళ దాకా తిరిగి రావాలనుకుంటున్నాం. హోటళ్లు వెతుక్కోకుండా వ్యాన్‌లోనే పడుకోవాలని మావాళ్ల సరదా. పాత వ్యాన్ ఒకటి కొని, నాకు తెలిసిన షెడ్డులో టాపు కోయించి లేచేట్టు చేయించమని ఒకరిద్దరు అడిగారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, అలాంటి బండి అద్దెకు తీసుకుంటే ఎలా వాడుకోవాలో ఇక్కడ చెబితే మిగతా బ్యాచ్‌లవాళ్లకీ పనికొస్తుంది.

కారవాన్ అనగానే మనకి షూటింగులో సినిమావాళ్లు కూర్చునే పెద్ద ఏసీ బస్సు గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. మామూలు వ్యాన్ అంత బండి. లోపల చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బా, మడిస్తే పక్క అయ్యే సీటు ఉంటాయి. పైన రేకు టాపు కోసేసి, దాని బదులు ఫైబర్‌దో అల్యూమినియందో మూత పెడతారు. మూతకీ బండికీ మధ్య చుట్టూ గుడ్డ ఉంటుంది. ఆగినచోట మూత పైకి లేపితే గుడ్డ గోడలా నిలబడుతుంది. కింద మనిషి తలెత్తి నిలబడొచ్చు, పైన ఇద్దరు పడుకోవచ్చు. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉంటారు. వాళ్లకి అలాంటి బండి ఉంది. రెండు వేసవులు వాళ్లతో స్కాట్లండు కొండల్లో తిరిగాను. టాపు లేపడం, దించడం నా వంతు పనిగా పెట్టుకున్నాను.

శాశ్వతంగా ఎత్తు టాపు కట్టేస్తే పోయేదానికి ఈ లేపడం దించడం ఎందుకని అడగొచ్చు. టాపు దించితే ఆ బండ్లు సుమారు రెండు మీటర్ల ఎత్తుంటాయి. అంటే కార్లు నిలిపే చోట అడ్డకడ్డీ కింద పడతాయి, చెట్ల కొమ్మలకి తగలవు, గాలికి ఊగవు, మలుపులో ఒరగవు. నడిచేటప్పుడు పొట్టిగా, ఆగినప్పుడు పొడుగ్గా ఉండాలన్నది దీని ఉద్దేశం.

ఈ ఉపాయం మనకి కొత్తదేం కాదు. మన తాతలు పుష్కరాలకి బెజవాడ వెళ్లిన గూడు బండిని తలుచుకోండి. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి కట్టిన గూడు. పిల్లాజెల్లా వెళ్లేటప్పుడు గూడు ఎక్కించేవాళ్లు, వడ్లు తోలేటప్పుడు తీసి చావిట్లో ఆనించేవాళ్లు. ఒకే బండి, రెండు పనులు. ఆ తర్వాత రిక్షా వచ్చింది. వానొస్తే టాపు లేపేవాడు, చల్లగాలికి మడిచేవాడు. ఆ రిక్షా టాపుకి పక్కన ఇనప కడ్డీ ఉండేది, మధ్యలో కీలుతో. కడ్డీని తిన్నగా చేసి కొంచెం అవతలికి నొక్కితే బిగుసుకునేది. ఎంత గాలి కొట్టినా తనంతట తాను మడత పడేది కాదు. మన మోకాలూ అంతే. తిన్నగా ఉన్నంతసేపు ఒళ్లంతా మోస్తుంది, కాస్త వంగిందో బరువు నిలవదు. మా వయసువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మన జిల్లావాళ్లు మరిచిపోలేని బండి టాపు ఇంకొకటి ఉంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు గారు 1982లో పాత షెవ్రొలే వ్యాన్‌ని చైతన్య రథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగారు. కొడుకు హరికృష్ణ గారు నడిపారు. ఊరూరా టాపు మీదే నిలబడి మాట్లాడారు. అక్కడ టాపు వేదిక. అది లేచేది కాదు, మనిషిని మోసేది. మనం మాట్లాడుకునే టాపు మాత్రం మనిషి పైకెక్కి నిలబడటానికి పనికిరాదు. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

పడమటి దేశాల్లో ఈ వ్యాన్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టాయి. జర్మనీలో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1951లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో పక్క, బీరువా అమర్చడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో ఫోక్‌స్టోన్ ఊళ్లో మార్టిన్ వాల్టర్ కంపెనీవాళ్లు డోర్మోబైల్ అనే పేరుతో, ఒక పక్క మడతబందులు పెట్టి రెండో పక్క లేచే టాపు చేశారు. చారల గుడ్డతో ఉండేది. పాత ఇంగ్లీషు బండ్లలో అది ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత ముందువైపో వెనకవైపో లేచేవి, నాలుగు మూలలా సమంగా లేచేవి వచ్చాయి. 2003లో ఫోక్స్‌వ్యాగన్ తన సొంత ఫ్యాక్టరీలో చేసిన కాలిఫోర్నియా అనే బండికి బటన్ నొక్కితే లేచే అల్యూమినియం టాపు పెట్టింది. ఎన్ని రకాలు వచ్చినా సూత్రం ఒకటే: మోసే కీలు, సాయం పట్టే స్ప్రింగో గ్యాస్ కడ్డీయో, చుట్టూ గుడ్డ, కిందికి బిగించే గొళ్లెం.

గ్యాస్ కడ్డీ అంటే కారు డిక్కీ తలుపు లేపితే పట్టి నిలిపే నల్ల కడ్డీయే. లోపల నైట్రోజన్ వాయువు ఒత్తిపెట్టి ఉంటుంది. మన సైన్సు మాస్టారు చెప్పిన పాఠం ఇక్కడ పనికొస్తుంది. మూసిన పాత్రలో వాయువు చల్లబడితే పీడనం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్కకట్టడానికి డిగ్రీలకి 273 కలపాలి. గన్నవరం మే నెల ఎండలో 43 డిగ్రీలు, అంటే 316. స్కాట్లండు తెల్లవారుజామున 3 డిగ్రీలు, అంటే 276. మన దగ్గర వంద కిలోల బరువు మోసే కడ్డీ అక్కడ 87 కిలోలే మోస్తుంది. నిన్న ఎండలో ఒంటిచేత్తో లేచిన టాపు ఈ తెల్లారి మొరాయిస్తే చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. అరకు చలిలో కూడా కొంతవరకు ఇదే జరుగుతుంది.

ఇక లేపడం. ముందు బండి చదునైన నేల మీద నిలిపి హ్యాండ్ బ్రేకు వెయ్యాలి. దిగి పైకి చూడాలి. కొమ్మలు, కరెంటు తీగలు, షెడ్డు దూలాలు ఏవీ ఉండకూడదు. మన పల్లెల్లో తీగలు ఎంత కిందికి వేలాడతాయో తెలిసిందే కదా, ఈ చూపు తప్పనిసరి. టాపు మీద సామాన్లు కట్టి ఉంటే దించెయ్యాలి. తర్వాత బండి తలుపు ఒకటి తెరిచి ఉంచాలి. అన్నీ మూసి లేపితే లోపలికి గాలి రాక గుడ్డ లోనికి పీల్చుకుంటుంది, టాపు బరువెక్కినట్టు ఉంటుంది. గొళ్లేలు రెండూ విప్పి, మధ్యలో పట్టుకుని సమంగా లేపాలి. ఒక మూల ముందు, ఒక మూల వెనక లేస్తే కీళ్లు మెలిపడతాయి. పూర్తిగా లేచాక కడ్డీలు బిగుసుకున్నాయో లేదో చేత్తో తాకి చూడాలి. చూపు చాలదు. గుడ్డ ముడతలు సరిచేస్తే పని అయిపోయింది. రెండు నిమిషాలు.

లేచి ఉన్నప్పుడు చూసుకోవలసినవి మూడు. మొదటిది గాలి. ఈదురుగాలి మొదలైతే టాపు దించెయ్యాలి. గాలి ఎటు వీస్తోందో చూసి, మడతబందులున్న వైపు గాలికి ఎదురుగా నిలిపితే నయం. మన సముద్రతీరంలో అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అసలు లేపకపోవడమే మంచిది. రెండోది బరువు. పై పక్కకి ఎంత బరువు మొయ్యగలదో తయారుచేసినవాళ్లు రాసి ఉంచుతారు, అది చదవాలి. రాత్రిపూట నిచ్చెన దిగడం మా వయసువాళ్లకి కష్టం కాబట్టి పెద్దవాళ్లు కింద, ఈడొచ్చిన మనవలు పైన. పడిపోకుండా వల కట్టాలి. మూడోది పొయ్యి. అన్నీ మూసి లోపల పొయ్యి వెలిగించకూడదు, చలికాచుకోవడానికి బొగ్గుల కుంపటి అసలే పెట్టకూడదు. దాని విషవాయువుకి రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు దించడం. అసలు పని ఇదే. లేపేటప్పుడు అందరికీ ఉత్సాహం, చుట్టూ చేరి చెయ్యి వేస్తారు. దించేటప్పుడు ఒక్కరూ ఉండరు. ఒకరు స్నానానికి, ఒకరు కాఫీకి, ఒకరు గుడికి. బయల్దేరే తొందర. లేపడంలో తేడా వస్తే టాపు లేవదు, అంతే. దించడంలో తేడా వస్తే రోడ్డు మీద తెలుస్తుంది.

వరస ఇది. ముందు పైన ఎవరూ లేరని తలలు లెక్కపెట్టాలి, పిల్లల్ని పేరుపెట్టి పిలవాలి. దిళ్లు, దుప్పట్లు, ఫోన్లు తీసెయ్యాలి. తలుపు ఒకటి తెరిచి ఉంచాలి. లేకపోతే లోపలి గాలి పోయే దారిలేక గుడ్డ బయటికి ఉబ్బి, టాపు అంచు కింద నలుగుతుంది. ఒకరు లోపల నుంచి మెల్లగా దించుతుంటే, ఇంకొకరు బయట చుట్టూ తిరగాలి. సగంలో ఆపి గుడ్డ లోపలికి తొయ్యాలి. కదులుతున్న కీళ్ల దగ్గర వేలు పెట్టకూడదు. ఆగాక మాత్రమే. పూర్తిగా దిగాక గొళ్లేలు రెండూ వెయ్యాలి. వేశాక టాపుని పైకి లాగి చూడాలి. చివరగా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ. ఎక్కడా గుడ్డ అంచు బయటికి కనిపించకూడదు.

దీనికి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. దించినవాళ్ల జేబులోనే బండి తాళం చెవి ఉంటుంది. గొళ్లేలు లాగి చూశాకే డ్రైవరు చేతికి ఇస్తారు. ఎంత తొందరున్నా, ఎవరు విసుక్కున్నా ఇంతే. దారిలో మొదటి పది నిమిషాలకి ఒకసారి ఆగి మళ్లీ చూస్తాం. లారీ డ్రైవర్లు బరకం తాళ్లు చూసుకోవడానికి ఆగుతారే, అలాగన్నమాట.

ఇది చాదస్తం కాదు. స్కాట్లండులో ఒక వాన ఉదయం మా పక్క బండివాళ్లు పడవకి టైమైపోతోందని గబగబా దించి వెళ్లారు. ఒక పక్క గుడ్డ అరచేతి వెడల్పున బయట ఉండిపోయింది. సాయంత్రం మేం దిగిన చోటికే వాళ్లూ వచ్చారు. గాలికి కొట్టుకుని కొట్టుకుని గుడ్డ చిల్లుపడింది, పై పరుపంతా తడిసింది. ఆ రాత్రి వాళ్ల పిల్లలిద్దరూ మా బండిలో కింది సీటు మీద పడుకున్నారు. వాళ్ల అదృష్టం, నలిగింది గుడ్డ మాత్రమే. గొళ్లెం వెయ్యకుండా వెళ్లి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. గాలి ఒత్తిడి వేగానికి తగ్గట్టు పెరగదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. గంటకి 40 కిలోమీటర్ల మీద ఉన్న ఒత్తిడి 80 మీద నాలుగింతలు. ఏలూరు వైపు జాతీయ రహదారి మీద ఆ వేగంలో టాపు అంచు కిందికి గాలి దూరితే, వెనకాల స్కూటరు మీద వచ్చేవాడి సంగతేమిటి? మన బండి మనదే కావచ్చు, రోడ్డు అందరిదీ.

గుడ్డ తడిగా ఉండగా దించక తప్పని రోజులుంటాయి. తప్పు లేదు. కానీ చేరినచోట వెంటనే లేపి ఆరబెట్టాలి. రెండు రోజులు తడిగా మడిచి ఉంచితే మన ఉక్కపోతకి బూజు పడుతుంది, నల్ల మచ్చలు వస్తాయి, ఆ తర్వాత గుడ్డ పుచ్చిపోతుంది. వడ్ల మీద కప్పే బరకం తడిపి చుట్టి పడేస్తే ఏమవుతుందో రైతుబిడ్డలకి చెప్పాలా?

సరిచెయ్యడం గురించి నాలుగు మాటలు. టాపు దిగినా వాన చుక్క కారుతోందంటే రబ్బరు బీడింగ్ మీద సమంగా కూర్చోవడం లేదని అర్థం. దీనికి పెద్ద పరికరమేం అక్కర్లేదు. కాగితం ముక్క ఒకటి బీడింగ్ మీద పెట్టి టాపు దించి గొళ్లెం వెయ్యండి. కాగితం లాగండి. బిగువుగా వస్తే అక్కడ బాగున్నట్టు, జారుకుంటూ వస్తే వదులున్నట్టు. చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలా చూస్తే లోపం ఎక్కడో దొరుకుతుంది. గొళ్లేనికి బిగించే నట్టు ఉంటే, ఇప్పుడున్న చోట ముందు పెన్సిల్ గీత గీసి, అర చుట్టు చొప్పున తిప్పి, మళ్లీ కాగితం పెట్టి చూడాలి. ఒక పక్కనే బిగిస్తూపోతే రెండో పక్క లేస్తుంది. రబ్బరుకి గ్రీజు, డీజిలు పూయకూడదు, ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ చాలు. గ్యాస్ కడ్డీ ఒకటి నీరసిస్తే రెండూ కలిపి మార్చాలి. లేకపోతే టాపు ఒక పక్కకి గుంజుతుంది. ఆ కడ్డీని కొయ్యడం, బెజ్జం వెయ్యడం, వెల్డింగ్ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడదు. లోపల ఒత్తిడి మీదున్న గ్యాసు మనిషి ముఖానికే వస్తుంది.

ఇక ఆటోనగర్‌లో ఎందుకు చేయించకూడదు? అక్కడి పనివాళ్ల చేతిమీద నాకు అనుమానం లేదు. చాసిస్ తెచ్చి పెడితే చెక్కతో, ఇనుముతో లారీని నిలబెట్టిన చేతులవి. కానీ చెయ్యగలగడం వేరు, చెయ్యదగడం వేరు. వ్యాన్ టాపు రేకు వట్టి గొడుగు కాదు. దాని కింద అడ్డంగా ఉన్న బద్దలు రెండు పక్కల గోడల్నీ పట్టి ఉంచుతాయి. బండి బోల్తాపడితే లోపలివాళ్ల తలల్ని కాచేది అవే. వాటిని కోస్తే, కోసిన చోట చుట్టూ ఉక్కు చట్రం వేసి ఆ బలం తిరిగి తేవాలి. వచ్చిందో లేదో పరీక్షించి చూడాలి. వీధి షెడ్డులో ఆ పరీక్ష లేదు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగేది కూడా ఇదే. అరవై దాటాక, మనవల్ని ఎక్కించుకున్న బండిలో ఇలాంటి చిక్కు మనకెందుకు? మన దేశంలో మోటారు కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం ఉంది. దానికి లోబడి ఆమోదం పొంది, రిజిస్టరైన బండినే అద్దెకు తీసుకుందాం. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానమే ప్రకటించింది. మనవాళ్లు వెళ్లాలనుకుంటున్నదీ అటే.

అద్దె డబ్బు కట్టేముందు మూడు అడగండి. ఒకటి, రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి. రెండు, టాపు లేచేదైతే మీ ఎదుట లేపి దించి చూపించి, తర్వాత మీచేత చేయించమనండి. మూడు, దించిన టాపు మీద గొట్టంతో నీళ్లు కొట్టి లోపల కూర్చుని చూడండి. ఎంతమంది ప్రయాణం చేస్తారో అన్ని బెల్టు సీట్లు ఉండాలి. బండి కదులుతుండగా పై పక్కమీద ఎవరూ ఉండకూడదు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన బడి సైన్సు గదికి చిన్న చెక్క నమూనా ఒకటి చేసి తెచ్చాను. రెండు అడుగుల బండి, లేచే టాపు, రెండు పక్కలా కీలు కడ్డీలు, రెండు గొళ్లేలు, చుట్టూ కాన్వాస్ గుడ్డ. హెడ్మాస్టరు గారికి ఇప్పుడే అప్పగిస్తున్నాను. పిల్లలు లేపి దించి చూసుకోవచ్చు. కీలు ఎందుకు బిగుసుకుంటుందో, తలుపు మూస్తే గుడ్డ ఎందుకు ఉబ్బుతుందో పాఠంలో చదివేది చేత్తో తెలుస్తుంది. ఒక గొళ్లెం కావాలనే కొంచెం వదులుగా పెట్టాను. కాగితం ముక్కతో అది ఏ పక్కదో కనిపెట్టిన పిల్లలకి వచ్చే వార్షికోత్సవంలో నా తరపున పుస్తకాలు బహుమతి.